బరువు తగ్గాక బీరువా సంగతి: డాబాగార్డెన్స్‌లో ఒక ఆల్ట్రేషన్ దుకాణం

విశాఖపట్నంలో కొత్త బట్టలు కుట్టే దర్జీలకు కొదవ లేదు. కుట్టిన బట్టను విప్పి, మనిషి మారిన తీరుకు తగ్గట్టు మళ్ళీ కూర్చేవారు మాత్రం అరుదు. ఆ పనికి సమయం ఎక్కువ పడుతుంది, కూలి తక్కువ వస్తుంది, పైగా చెయ్యి తప్పితే పాడయ్యేది ఎవరో మక్కువపడి దాచుకున్న బట్ట. అందుకే చాలా దుకాణాల్లో ఆల్ట్రేషన్ అనగానే ‘పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక చూద్దాం’ అన్న సమాధానమే వస్తుంది. డాబాగార్డెన్స్‌లో ఒక సందులో, మొదటి అంతస్తులో, ఆ పని ఒక్కటే చేసే దుకాణం ఒకటి ఉన్నది. దానికి పేరు లేదు. మెట్ల పక్కన గోడ మీద ఎర్ర రంగుతో రాసిన ‘లేడీస్ ఆల్ట్రేషన్స్’ అన్న రెండు మాటలే బోర్డు. నడిపేది దంపతులు. భార్య కొలతలు తీసుకుంటారు, భర్త మెషిన్ మీద కూర్చుంటారు. వచ్చేవారంతా ఆమెను అక్కా అనీ, ఆయనను మాస్టారూ అనీ పిలుస్తారు. పన్నెండు కిలోల బరువు తగ్గిన తరువాత నా బీరువాలోని జాకెట్లు, కుర్తీలు, ఆఫీసుకు వేసుకునే ప్యాంట్లు చాలావరకు వారి చేతికే ఇచ్చాను. పనితనానికి అయిదుకు నాలుగున్నర మార్కులు, చెప్పిన రోజుకు ఇవ్వడంలో రెండు మార్కులు ఇస్తాను. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని భరించగలిగితే ఊళ్ళో ఈ పనికి ఇంతకంటె మంచి చోటు నాకు తెలియదు.

అయితే ఇటువంటి దుకాణానికి వెళ్ళేవారు ముందుగా ఒక విషయం తెలుసుకొని వెళ్ళడం మంచిది. ఎన్ని కిలోలు తగ్గితే ఎంత సైజు తగ్గుతుందన్న ప్రశ్నకు మనవాళ్ళలో ఎవరి నోటికి వచ్చిన లెక్క వారు చెబుతారు. ‘అయిదు కిలోలకు ఒక సైజు’ అన్నది అందులో బాగా ప్రచారంలో ఉన్నది. అది కొందరికి నిజం, చాలామందికి కాదు.

లెక్క ఇలా ఉంటుంది. పెద్దవారిలో ఎత్తు మారదు కనుక తగ్గిన బరువంతా చుట్టుకొలతల్లోనే బయటపడాలి. శరీరం అన్ని వైపులా సమానంగా తగ్గుతుందని అనుకుంటే, చుట్టుకొలత బరువుకు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. అంటే బరువులో పదో వంతు పోతే చుట్టుకొలతలో సుమారు ఇరవయ్యో వంతు పోతుంది. 40 అంగుళాల ఛాతీ 38 అవుతుంది. మన రెడీమేడ్ కుర్తీల్లో ఒక సైజుకూ తరువాతి సైజుకూ మధ్య తేడా సాధారణంగా 2 అంగుళాలే కనుక, ఉన్న బరువులో పదో వంతు తగ్గడాన్ని ఒక సైజుగా లెక్కించుకోవచ్చు. 55 కిలోల మనిషికి అది అయిదున్నర కిలోలు, 90 కిలోల మనిషికి 9 కిలోలు. ఇద్దరు స్నేహితురాళ్ళు ఒకే రోజున నడక మొదలుపెట్టి, చెరి ఆరు కిలోలు తగ్గి, ఒకరికి సైజు మారి రెండవవారికి మారకపోతే అందులో ఎవరి లోపమూ లేదు. కిలోలను కిలోలతో పోల్చడంలోనే పొరపాటు ఉన్నది, పోల్చవలసినది వంతులను.

నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. బరువు 78 నుంచి 66 కిలోలకు వచ్చింది. మొదటి నాలుగు కిలోలు తగ్గేసరికి పై లెక్క ప్రకారం 42 అంగుళాల ఛాతీ 41కి రావాలి, వచ్చింది కూడా. కాని 2 అంగుళాల మెట్టు దిగడానికి ఒక అంగుళం చాలదు. పైగా కుర్తీలో ఊపిరాడడానికి ఒంటి కొలత కంటె రెండు నుంచి నాలుగు అంగుళాలు ఎక్కువగా వదులుతారు కనుక, ఆ ఒక్క అంగుళం ఆ వదులులోనే కలిసిపోతుంది. ఇంతా చేస్తే బట్టల్లో ఏమీ తెలియడం లేదని చాలామంది నిరుత్సాహపడి నడక మానేసేది సరిగ్గా ఇక్కడే. నిజానికి తగ్గుదల జరుగుతూనే ఉంటుంది, సైజు చీటీ మీది ఎల్, ఎక్సెల్ వంటి అక్షరానికి మాత్రం ఇంకా అందదు.

ఇక శరీరం అన్ని వైపులా సమానంగా తగ్గదన్నది రెండవ సంగతి. మొదట పోయేది ప్రధానంగా పొట్ట లోపలి కొవ్వు; తొడలు, సీటు, పై చేతుల దగ్గర పేరుకున్నది స్త్రీలలో ఆలస్యంగా కదులుతుంది. నడుము విషయంలో కిలోకు సుమారు ఒక సెంటీమీటరు అన్న ముతక లెక్క ఒకటి ఉంది. అది నా విషయంలో దాదాపుగా సరిపోయింది: 12 కిలోలకు నడుము 38 అంగుళాల నుంచి 33న్నరకు వచ్చింది. ఛాతీ 42 నుంచి 39కి, సీటు 43 నుంచి 40న్నరకు, పై చెయ్యి చుట్టు 14 నుంచి 13కి దిగాయి. భుజం వెడల్పు 14న్నర ఉండేది, ఇప్పటికీ 14న్నరే ఉన్నది. అక్కడ ఉన్నది ఎముక కదా. ఒకే మనిషిలో ఒక చోట నాలుగున్నర అంగుళాలు, మరొక చోట సున్నా. రెడీమేడ్ బట్ట మాత్రం సైజు మారినప్పుడు అన్ని కొలతలనూ ఒక్కసారే మార్చుతుంది, భుజంతో సహా. బరువు తగ్గినవారికి కొత్త సైజు నడుము దగ్గర బాగుండి సీటు దగ్గర బిగుసుకుపోవడానికీ, పాత సైజు సీటు దగ్గర సరిపోయి నడుము దగ్గర వదులుగా వేలాడడానికీ ఈ అసమానతే కారణం.

త్రాసు చెప్పేది కొవ్వు సంగతి ఒక్కటే కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అన్నం బాగా తగ్గించిన మొదటి వారం పది రోజుల్లో పోయే బరువులో అధిక భాగం నీరు. కండరాల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం తన బరువుకు సుమారు మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖర్చయితే నీరూ వెళ్ళిపోతుంది. ఆ కిలోలు తిరిగి రావడానికి ఒక పెళ్ళి భోజనం చాలు. ఇందుకు విరుద్ధంగా, వ్యాయామంలో బరువులు ఎత్తేవారికి త్రాసు ముల్లు కదలకుండానే నడుము తగ్గవచ్చు. ఒక లీటరు కొవ్వు సుమారు 900 గ్రాములు తూగితే అంతే పరిమాణం గల కండ 1,060 గ్రాముల వరకు తూగుతుంది. నలభై అయిదు దాటిన స్త్రీలలో మరొకటి కనిపిస్తుంది. ముట్లు ఆగిపోయే వయసులో హార్మోన్ల మార్పు వల్ల కొవ్వు తొడల నుంచి పొట్ట వైపు మళ్ళుతుంది కనుక, బరువు అంతే ఉన్నా నడుము కొలత పెరిగి పాత బట్టలు పట్టవు. ‘బరువు పెరగలేదమ్మా, బట్టే ఉతుకులకు కుంచించుకుపోయింది’ అంటూ కుట్లు వదులు చేయించుకోవడానికి వచ్చేవారు, బరువు తగ్గి బిగించుకోవడానికి వచ్చేవారికి తీసిపోరని అక్క చెప్పారు.

ఈ దుకాణం మీద నాకు గురి కుదిరింది మొదటి ప్రశ్నతోనే. మూటలో ఏమున్నదో చూడకముందే ఆమె అడిగింది: ‘ఇంకా తగ్గుతున్నారా, ఆగిందా?’ ఇంకా తగ్గుతున్నానంటే రోజూ అవసరమయ్యే నాలుగైదు జతలు తప్ప మిగిలినవి తీసుకోరు. రెండు మూడు నెలలు బరువు ఒకే చోట నిలిచిన తరువాతే పట్టు జాకెట్లూ వర్కు జాకెట్లూ తెమ్మంటారు. ‘ఇప్పుడే బిగించేస్తే మళ్ళీ నెలకి మళ్ళీ వస్తారు, నాకు డబ్బులొస్తాయి గాని మీ బట్ట పాడైపోద్దమ్మా’ అన్నది ఆమె మాట. చేతికి వచ్చిన పనిని వద్దనే దుకాణాన్ని మన వీధుల్లో ఎన్నింటిని చూడగలం? 2025 మార్చిలో, బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజక్షన్ మన దేశంలో అమ్మకానికి వచ్చింది. అటువంటి మందులతో వేగంగా తగ్గేవారికి ఈ ఆగమన్న సలహా మరింత అవసరం, ఎందుకంటే వారి కొలత ఒక కుట్టు వేసేలోగా మరొకటవుతుంది.

కొలతలు తీసే పద్ధతి చెప్పుకోదగ్గది. మన ఊళ్ళో దర్జీకి ఆది జాకెట్టు, అంటే కొలతకు నమూనాగా పాత జాకెట్టు, ఇచ్చి రావడమే ఆచారం. ఒంటిని కొలిపించుకోవలసిన మొహమాటం ఉండదు, సమయమూ కలిసివస్తుంది. బరువు స్థిరంగా ఉన్నంతకాలం అది చక్కని ఏర్పాటే. కాని బరువు తగ్గిన మనిషి ఇచ్చే ఆదిలో ఉండేది పాత మనిషి. దాన్ని ‘అన్ని వైపులా ఒక అంగుళం తగ్గించి’ కుట్టమంటే దర్జీ భుజం కూడా అంగుళం తగ్గిస్తాడు, చంక కోసుకుపోతుంది. ఈ దుకాణంలో ఆది తీసుకోరు. టేపుతోనే కొలుస్తారు, నడుమును చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, ఊపిరి వదిలిన తరువాత, పొట్ట లోపలికి లాగకుండా కొలుస్తారు. ఉదయం రమ్మంటారు, సాయంత్రానికి పొట్ట ఉబ్బి అర అంగుళం నుంచి అంగుళం వరకు తేడా వస్తుందని. నెలసరి ముందు రోజుల్లోనూ ఒళ్ళు నీరు పడుతుంది కనుక ఆ రోజులు తప్పించి రమ్మని ఆమె నిస్సంకోచంగా చెబుతారు.

లోదుస్తుల విషయంలో ఆమె ఇచ్చే సలహా ఇంకా విలువైనది. బరువు తగ్గినవారిలో చాలామంది బట్టలన్నీ బిగించుకున్నాక చివరకు ఎప్పుడో బ్రా సైజు మార్చుకుంటారు. వరుస తిరగబడాలి. రొమ్ము కింది చుట్టుకొలత తగ్గడంతో పాత బ్రా పట్టీ వెనక పైకి ఎగబాకి, ముందు భాగం కిందికి దిగుతుంది. ఆ దిగిన ఎత్తుకు డార్టులు (ఛాతీ ఆకృతి కోసం బట్టను మడిచి వేసే కుట్లు) మార్చి జాకెట్టు బిగిస్తే, తరువాత సరైన బ్రా కొనుక్కున్న రోజున ఆ డార్టులు తప్పు చోట నిలుస్తాయి. పట్టీ సంఖ్య ఒక మెట్టు తగ్గించుకుంటే కప్పు అక్షరం ఒక మెట్టు పెంచుకుంటేనే లోపలి పరిమాణం అంతే ఉంటుంది: 36 సి తొడిగేవారు 34కు దిగితే 34 డి చూసుకోవాలి, 34 సి కాదు. ఇది తెలియక ‘సైజు తగ్గినా సరిపోవడం లేదు’ అని విసుగుపడేవారు నా ఎరుకలోనే చాలామంది ఉన్నారు. కొత్త బ్రా వేసుకొని వస్తేనే అక్క జాకెట్టుకు కొలత తీస్తారు.

ఇక పనితనం. జాకెట్టులో సులభమైనది పక్క కుట్టు బిగించడం. మంచి దర్జీ కుట్టిన జాకెట్టుకు లోపల అంగుళం, అంగుళంన్నర బట్ట వదిలి ఉంటుంది, రెండు మూడు వరుసల కుట్లు ఉంటాయి, వాటి లోపలగా మరొకటి వేస్తే చాలు. ఇంట్లో మెషిన్ ఉన్నవారు ఇంతవరకు తామే చేసుకోవచ్చు. అయితే రెండు పక్కలా కలిపి 2 అంగుళాలు దాటి బిగిస్తే చిక్కులు మొదలవుతాయి. చంక చుట్టు చిన్నదై చెయ్యి ఎత్తలేరు, డార్టుల కొసలు పక్కలకు జరుగుతాయి, మెడ ముందుకు వంగినప్పుడు తెరుచుకుంటుంది. మాస్టారు అప్పుడు చేతులు పూర్తిగా విప్పుతారు, భుజం కుట్టులో పావు అంగుళం పట్టి మెడను పైకి లాగుతారు, డార్టులు విప్పి మళ్ళీ వేస్తారు, తరువాత చేతులు తిరిగి అతుకుతారు. మామూలు నాలుగు డార్టుల జాకెట్టు కంటె ప్రిన్సెస్ కట్‌లో ఈ పని తేలిక, ఎందుకంటే ఛాతీ మీదుగా నడుము వరకు సాగే ఆ నిలువు కుట్టులోనే ఎక్కడ ఎంత కావాలంటే అంత తీసుకోవచ్చు. ఛాతీ దగ్గర గిన్నె ఆకారపు ముక్కను విడిగా అతికే కటోరీ కట్ దీనికి పూర్తిగా విరుద్ధం. కప్పు ముక్కను మార్చాలంటే జాకెట్టు ముందు భాగమంతా ఊడదీయాలి. కటోరీ జాకెట్లు ఒకటి రెండు ఇస్తే మాస్టారు ‘కొత్తది కుట్టించుకోండమ్మా’ అని వెనక్కి ఇచ్చేశారు.

మగ్గం వర్కు జాకెట్ల విషయంలో ఆయన నేర్పు చూడవలసినదే. వర్కు పక్క కుట్టు దాకా వచ్చి ఉంటే మెషిన్ సూది పూసల మీద విరుగుతుంది. అందుకని కుట్టు పడే చోట పూసలనూ జర్దోజీనీ చేత్తో విప్పి, కుట్టు వేశాక అంచున మళ్ళీ చేత్తో బిగిస్తారు. నా చెల్లెలి పెళ్ళికి కుట్టించుకున్న జాకెట్టు మూడు అంగుళాలు తగ్గింది, చేతి మీది వర్కు రెండు పక్కలా సమంగా కలిసింది. ఎక్కడ విప్పారో వెలుతురులో పెట్టి వెతికినా పట్టుకోలేకపోయాను. అన్నిటికంటె నాకు నచ్చింది, లోపలి బట్టను ఎక్కడా కత్తిరించకపోవడం. బరువు తిరిగి రావడం అసాధారణమేమీ కాదు, అందులో సిగ్గుపడవలసినదీ లేదు. అప్పుడు విప్పుకోవడానికి బట్ట లోపల ఉండాలి. ఓవర్‌లాక్ మెషిన్ మీద అంచు కోసేసి ‘నీటుగా’ ఇచ్చే దుకాణాలు నగరంలో చాలా ఉన్నాయి, ఆ నీటు ఒకవైపు దారి మాత్రమే.

ఒక హెచ్చరిక: పట్టు బట్టను బిగించడం వేరు, వదులు చేయడం వేరు. బిగించినప్పుడు పాత కుట్టు లోపలికి పోతుంది కనుక ఏమీ కనిపించదు. వదులు చేసినప్పుడు పాత సూది రంధ్రాలు, వెలిసిన రంగుకూ వెలవని రంగుకూ మధ్య గీత పైకి వస్తాయి. మన సముద్రతీరపు ఉక్కలో చెమటకు చంకల దగ్గర పట్టూ, పల్చని నూలూ చాలా ముందే బలం కోల్పోతాయి. అక్కడ కుట్టు విప్పి మళ్ళీ వేస్తే బట్టే చిరుగుతుంది. మంగళగిరి నూలు కుర్తీలు ఈ పరీక్షకు బాగా నిలిచాయి, పల్చని పట్టు జాకెట్లలో ఒకటి నిలవలేదు. ఆ సంగతి ముందే చూసి, బట్టను వెలుతురుకు పట్టి చూపించి, నా ఒప్పుదలతోనే కుట్టారు.

కుర్తీలకు ఈ దుకాణంలో ఒక గట్టి నియమం ఉన్నది: రెండు సైజుల వరకే. డబులెక్సెల్‌ను ఎల్ చేయవచ్చు, ఎమ్ చేయలేరు. పక్కలు ఎంతైనా బిగించవచ్చు గాని, రెడీమేడ్‌లో సైజుకు అర అంగుళం చొప్పున భుజమూ, దానితో పాటు చంక లోతూ పెరుగుతూ వస్తాయి. మూడు సైజులు తగ్గించాలంటే మెడ తప్ప మిగిలినదంతా కొత్తగా కత్తిరించాలి. అలాంటప్పుడు కొత్తది కొనుక్కోవడమే మేలని ముఖం మీదే చెబుతారు. ప్యాంట్లు, జీన్స్ అంత బాగా రావు. జీన్స్ నడుమును వెనక మధ్య కుట్టు నుంచి 2 అంగుళాల వరకు తీయగలిగారు గాని, వెనక జేబులు ఒకదానికొకటి దగ్గరై చూడడానికి ఎబ్బెట్టుగా ఉన్నాయి. కంపెనీ కుట్టు రంగు దారం వారి దగ్గర లేదు. జీన్స్ కోసమైతే నేను ఇక్కడికి పంపను.

లంగాలకు, సల్వార్లకు ఏ దుకాణమూ అక్కరలేదు, నాడా లాగితే చాలు. ఆ సౌకర్యమే ఒక విధంగా మోసం. నాడా, ఎలాస్టిక్ లెగ్గింగ్ పది కిలోల పెరుగుదలనూ పది కిలోల తగ్గుదలనూ మాట్లాడకుండా మింగేస్తాయి. చీరదీ అదే దారి, అయిదున్నర మీటర్ల బట్ట ఎవరికైనా సరిపోతుంది. మన స్త్రీలకు బరువు సంగతి మొదట తెలియజేసేది ఎప్పుడూ జాకెట్టు చంక, హుక్కుల వరుసే.

రెడీమేడ్ చీటీల మీది అక్షరాల మాట కూడా చెప్పుకోవాలి. తగ్గిన ఒంటితో జగదాంబ, ద్వారకానగర్ ప్రాంతాల్లో నాలుగు దుకాణాలు తిరిగితే, అదే రోజున ఒక చోట ఎమ్, మరొక చోట ఎల్, ఇంకొక చోట ఎక్సెల్ సరిపోయాయి. కారణం మన ఒంట్లో లేదు. కొందరు తయారీదారులు 40 అని బట్ట కొలతను రాస్తారు, మరికొందరు ఆ బట్ట ఏ ఒంటికి సరిపోతుందో ఆ ఒంటి కొలతను రాస్తారు. రెంటి మధ్య వదులు మేరకు ఒకటి రెండు సైజుల తేడా వస్తుంది. చిన్న అక్షరం కనబడితే కొనేవారికి సంతోషం కలుగుతుందని కొలతలు పెంచి అక్షరాన్ని అలాగే ఉంచేవారూ ఉన్నారు. ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. అమెరికాలో 1939, 1940 సంవత్సరాల్లో సుమారు 15,000 మంది స్త్రీలను, ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున కొలిచారు. ఆ సమాచారం ఆధారంగా 1958లో ప్రామాణిక సైజులు ప్రకటించారు. తయారీదారులు ఎవరి దారి వారు పట్టగా 1983లో ఆ ప్రమాణాన్నే ఉపసంహరించుకున్నారు. మన దేశంలో నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) ‘ఇండియాసైజ్’ పేరిట 15 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసు గల 25,000 మంది స్త్రీ పురుషులను త్రీడీ స్కానర్లతో కొలిచే పని చేపట్టింది. ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాదు ఒకటి. అటువంటి పట్టిక దుకాణాల్లో అమలుకు వచ్చేవరకు ఎక్సెల్ నుంచి ఎల్‌కు వచ్చామని సంబరపడడానికి గాని, రాలేదని బాధపడడానికి గాని ఆధారం ఏమీ లేదు. ఆరోగ్యం మాట వేరు. దక్షిణాసియా స్త్రీలకు నడుము 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటకూడదన్నది వైద్యులు వాడే హద్దు. నా నడుము ఇప్పటికీ 85 సెంటీమీటర్లు. ఎల్ అన్న అక్షరం ఆ సంగతి చెప్పదు, అక్క మెడలో వేలాడే టేపు చెబుతుంది.

ఖర్చు విషయానికి వస్తే, నేను ఇచ్చినప్పుడు జాకెట్టు పక్క కుట్లకు 80 రూపాయలు, డార్టులు, చేతులు విప్పి చేస్తే 180, మగ్గం వర్కుకు చేతిపనిని బట్టి 350 వరకు, కుర్తీ పక్కలకు 100, భుజాలతో కలిపితే 220 తీసుకున్నారు. లైనింగుతో కొత్త జాకెట్టు కుట్టు కూలితో పోల్చుకుంటే ఇది భారం కాదు. వర్కు జాకెట్టుకైతే చెప్పనక్కరలేదు, వర్కు చేయించడానికి అయిన ఖర్చులో ఇదొక చిన్న తునక. కాని వంద రూపాయలకు ఒకటిచ్చే పల్చని కాటన్ కుర్తీలను మరో వంద పెట్టి బిగించుకోవడం దండగ. అవి ఎవరికైనా ఇచ్చేయడం మంచిది.

లోపాలు కూడా తక్కువేమీ కావు. చెప్పిన తేదీకి బట్ట సిద్ధంగా ఉండడం అరుదు. వారం అంటే పదిహేను రోజులు, పదిహేను రోజులంటే నెల అని ముందే అనుకొని వెళ్ళాలి. ఫోన్ చేస్తే ‘రేపు సాయంత్రం’ అనే జవాబు వస్తుంది, ఆ రేపటికి తేదీ ఉండదు. వేసుకొని చూసుకోవడానికి ఒక మూల తెర కట్టి ఉన్నది గాని, అద్దం నడుము దాకానే కనిపిస్తుంది. కుర్తీ కింది భాగం ఎలా ఉన్నదో ఇంటికి వచ్చాకే తెలుస్తుంది. నా కుర్తీ ఒకదానికి పక్క చీలికలు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయ్యాయి. డబ్బులు తీసుకోకుండా సరిచేశారు గాని దానికి మళ్ళీ వారం పట్టింది. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ఎక్కలేరు. రసీదు ఇవ్వరు, బట్టకు కట్టిన గుడ్డ ముక్క మీద పేరు రాసి ఉంచుతారు. అందుకని ఇచ్చిన బట్టలను అక్కడే వరుసగా పరిచి ఒక ఫోటో తీసి పెట్టుకోవడం ఉభయులకూ క్షేమం.

ఎవరికి పనికొస్తుందని అడిగితే, బరువు తగ్గి నిలిచినవారికి, ప్రసవం తరువాత పాత కొలతకు దగ్గరగా వచ్చినవారికి, వర్కు జాకెట్లు ఎక్కువగా ఉన్నవారికి సందేహించకుండా చెబుతాను. మధ్యలో ఉన్నవారు ఒక సంగతి అడగవచ్చు: ఆఫీసు కుర్తీలకు పొడవాటి కచ్చా కుట్టు వేసి ఇమ్మంటే సగం ధరకు వేసి ఇస్తారు, మరో రెండు కిలోలు తగ్గాక దాన్ని చేత్తోనే లాగేసి లోపలగా మరొకటి వేయించుకోవచ్చు. ఈ సౌకర్యం ఉందని వారు తమంత తాము చెప్పరు, మనమే అడగాలి.

ఆదివారం సెలవు. మిగిలిన రోజుల్లో ఉదయం పదిన్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట లోపు వెళితే అక్క కొలతలకు తీరికగా ఉంటారు. సాయంత్రం వెళితే బట్ట ఇచ్చి రావడమే గాని కొలత తీసే వీలు ఉండదు. డబ్బు నగదుగా గాని ఫోన్ ద్వారా గాని ఇవ్వవచ్చు, సగం ముందే అడుగుతారు. శ్రావణమాసం వరలక్ష్మీ వ్రతాలకు వేసుకోవలసిన జాకెట్లు ఉంటే ఆషాఢం మొదటి వారంలోనే ఇవ్వాలి. ఆషాఢం సగం దాటితే వర్కు జాకెట్లు తీసుకోవడం ఆపేస్తారు.